చావుకు దురాయి లేదు

బోటనీ మేడం పోయారన్న కబురు నాకు ఫోన్లో వచ్చింది. ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క ఉప్పుకాలవ. గాలి లేనప్పుడు ఈ గట్టున నిలబడి పిలిస్తే ఆ గట్టున వినపడుతుంది. అంత దగ్గర మనిషి చావు సెల్‌ఫోన్లో తెలుసుకోవాల్సి వచ్చింది. కాలవ దాటి అటు అడుగు పెట్టకూడదని మా పాళెంలో దురాయి ఉంది మరి. మేడం అద్దెకున్న ఇంటామె ఏడుస్తా చెప్పింది: "అక్కా, కాఫీ తీసకపోయి లేపితే లేవలా. చెయ్యి పట్టుకుంటే సల్లంగా ఉండాది."

దురాయి అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. చేపల వేట మీద బతికే మా ఊళ్ళలో పెద్దల్ని కాపులంటాం. వాళ్ళు కూర్చుని ఒక మాట వేస్తే అదే దురాయి. దాటినవాడికి తప్పు పడుతుంది, అంటే జరిమానా. తప్పు కట్టకపోతే వాడి పడవ మీద ఎవరూ చెయ్యి వెయ్యరు, వాడింట్లో పెళ్ళికి ఎవరూ పోరు, చివరికి నిప్పు కూడా ఇవ్వరు. పోలీసులకు చెప్పొచ్చుగా అని మీకు అనిపిస్తుంది. చెప్పొచ్చు. చెప్పినాక మళ్ళీ ఆ పాళెంలోనే కాపరం చెయ్యాలి.

ఈ ఎండాకాలంలో ఉత్తరపాళెం బోటొకటి మావాళ్ళ వలల మీదుగా పోయింది. వలలు తెగాయి. అడగబోతే మాటా మాటా పెరిగింది, తెడ్లు లేచాయి, రెండు తలలు పగిలాయి. ఆ సాయంత్రమే మా కాపులు కూర్చుని దురాయి వేశారు. ఉత్తరపాళెం గడ్డ మీద మన పాళెం ఆడదీ, మగాడూ, పిల్లా, పెద్దా ఎవరి కాలూ పడకూడదన్నారు. కోపంలో ఉన్నారు కదా, మాటలో ఎక్కడా సందు లేకుండా బిగించారు. అప్పుడు బడికి సెలవులు. పిల్లలంతా ఇసుకలో దొర్లుతున్నారు. బడి ఉన్నది ఆ గడ్డ మీదేనన్న సంగతి అంతమంది పెద్దల్లో ఒక్కరికీ తట్టలేదు. బడి తెరిచిన రోజు పిల్లలు సంచులు తగిలించుకుని కాలవ మీది చప్టా దాకా పోయి నిలబడ్డారు. అప్పుడు తెలిసొచ్చింది, పొరుగువాడి కోసం వేసిన వలలో మన పిల్లలే పడ్డారని.

తప్పు తెలిసింది కదా, దిద్దుకోవచ్చు కదా అంటారేమో. వేసిన దురాయిని వేసినవాళ్ళే ఎత్తేస్తే అవతలివాళ్ళ ముందు తలవంపు. తలవంపుకంటే పిల్లల చదువు పోవడం మా పెద్దలకు తేలికగా కనిపించింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా బడిలో కింద పదో తరగతి దాకా, పైన ఇంటర్. ఉత్తరపాళెంలో కాస్త చేతిలో డబ్బు ఆడుతున్నవాళ్ళు పిల్లల్ని ప్రైవేటు కాలేజీ బస్సెక్కించి నెల్లూరు పంపిస్తారు. మా ఇంటర్‌లో చేరేది మా పాళెం ఆడపిల్లలే. వాళ్ళు ఈ ఏడు చేరకపోతే క్లాసు ఖాళీ. ఖాళీ క్లాసును నడపరు, వేరే ఊరి కాలేజీలో కలిపేస్తారు. వాకాడు దాకా పోయి చదువుకోమంటారు. పొద్దున ఒక బస్సు, అది రాకపోతే షేర్ ఆటో. మా మగవాళ్ళు సముద్రంలో రోజుల తరబడి ఉంటారు. పెరిగిన ఆడపిల్లను అంత దూరం పంపి గుండెల మీద చెయ్యేసుకుని కూర్చునే తల్లి మా పాళెంలో లేదు.

మా అనూష ఈ ఏడే పది పాసయింది. నేను మా పాళెం అంగన్‌వాడీలో టీచర్ని. ఆ ఉద్యోగం నాకు ఆ బడి మేడ మీద చదివిన ఇంటర్ పెట్టింది. ఇప్పుడు నా బిడ్డకు ఆ మేడ లేకపోతే మిగిలేది రొయ్యల షెడ్డు. ఐసులో రొయ్య తలలు తుంచి తుంచి వేళ్ళ సందులు ఒరుసుకుపోయిన ఆడపిల్లల చేతులకు నేను కొబ్బరినూనె రాశాను. షెడ్డు వ్యాను రోజూ తెల్లారేసరికి మా వీధిలోకే వచ్చి హారన్ కొడుతుంది. బడి అలా మన దగ్గరికి రాదు.

మేడం గురించి చెప్పాలంటే ఆ బడి గురించి చెప్పక తప్పదు. మా అమ్మ చిన్నప్పుడు అది పాక. వాసాలు మా పాళెం సరుగుడు తోటలోవి, కప్పిన తాటాకు ఉత్తరపాళెం వాళ్ళది. గాలివాన వచ్చినప్పుడల్లా ఆకు ఎగిరిపోయేది. మీ వాసాలు గట్టివి కాదని వాళ్ళు, మీ కట్టు గట్టిది కాదని మావాళ్ళు తిట్టుకుంటానే మళ్ళీ కప్పేవాళ్ళు. తర్వాత హైస్కూలయింది, పెంకులొచ్చాయి. ఒక పెద్ద తుఫాను పెంకుల్ని కూడా తీసుకుపోయాక బడి పక్కన తుఫాను షెల్టరు కట్టారు. ఎత్తైన స్తంభాల మీద రెండు పెద్ద గదులు, అదే మా మేడ. తుఫాను ఏడాదికొకసారి వస్తే మిగతా రోజులన్నీ ఆ గదులు ఏం చెయ్యాలి? రెండు పాళేల కాపులూ ఒకే జీపులో నెల్లూరు పోయి, అడిగి, బతిమాలి, ఇంటర్ తెచ్చుకున్నారు. ఒకే జీపులో. ఇప్పుడు చెబితే మా పిల్లలు నమ్మరు.

ఆ ఇంటర్‌కు వచ్చిన తొలి లెక్చరర్లలో మా మేడం ఒకరు. నెల్లూరులో క్రైస్తవుల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. నల్ల గొడుగు, బ్యాగులో సోంపు డబ్బా, కాళ్ళకు బూట్లలాంటి చెప్పులు. వచ్చిన రోజే చెప్పుల నిండా ఇసుక. మెట్ల దగ్గర ఒంటికాలి మీద నిలబడి దులుపుకుంటుంటే మేమంతా నవ్వాం. ఆమె కోప్పడలేదు. "నవ్వింది చాలు, మీరూ దులుపుకోండి. సముద్రాన్ని మేడెక్కించబాకండి" అన్నారు. రిటైరయ్యేదాకా రోజూ ఆ మెట్టు మీద అదే మాట.

ల్యాబ్ లేదు. పచ్చడి సీసాలు కడిగి అందులో వేర్లూ కాయలూ నిలవేసేవారు. మా దగ్గర చెట్లెక్కడివి? సరుగుడు, తుమ్మ, తాడి. ఇంకేమీ లేవు మేడం, బోటనీ ఎట్టా చెబుతారు అని అడిగితే మమ్మల్ని ఒడ్డుకు తీసుకుపోయి ఇసుక మీద పాకే తీగ ముందు కూర్చోబెట్టారు. ఊదారంగు పూలు పూస్తుంది, మేక డెక్కలాంటి ఆకు. పుట్టినప్పటి నుంచీ తొక్కుకుంటా తిరిగిన తీగ అది. ఆ పువ్వును నిలువుగా చీల్చి ఒక్కొక్కటే చూపించారు. "ఇది తెల్లారి విచ్చుకుంటాది, మధ్యాహ్నానికి వాడిపోతాది. అందుకని బోటనీ ప్రాక్టికల్ పొద్దున్నే. ఆలస్యంగా వచ్చినోళ్ళకు పువ్వుండదు" అన్నారు. ఆ తర్వాత మా పాళెం పిల్లలం ఒక్కరోజు కూడా ఆలస్యంగా పోలేదు.

మాకు సిగ్గొకటి ఉండేది. పొద్దున చేపలు ఏరి బడికి పోతే ఒంటి మీద నీచువాసన. టౌను నుంచి వచ్చిన లెక్చరర్లు ముక్కు దగ్గర కర్చీఫ్ పెట్టుకునేవాళ్ళు. మేడం మాత్రం వచ్చి మా బెంచీ చివరే కూర్చుని ఆన్సర్ పేపర్లు దిద్దేవారు. ఒకరోజు నేనే అడిగాను, మీకు వాసన రాదా అని. "వస్తాది. రేపు వచ్చేటప్పుడు ఆ వాసనతో పాటు రెండు కానాగంత చేపలు కూడా పట్టకరా" అన్నారు. అంతే.

హాజరు మాత్రం గట్టిగా పలకాలి. సముద్రం గాలి కిటికీల్లోంచి దూసుకొచ్చి మా మాటల్ని ఎత్తుకుపోయేది. మేం సిగ్గుపడి నోట్లో గొణిగితే ఆబ్సెంట్ వేసేవారు. "గాలికి నువ్వంటే జాలి లేదు. నువ్వే గట్టిగా చెప్పాల, ఇక్కడ ఉండానని." ఆ మాట నా బతుకులో చాలాచోట్ల పనికొచ్చింది.

అసలు నేను ఇంటర్‌లో చేరకముందే, పది కాగానే మా నాన్న నాకు చదువు చాలన్నాడు. మేడం అడగడానికి మా ఇంటికి రాలేదు. ఒడ్డున నాన్న వల బాగు చేసుకుంటుంటే పోయి పక్కన ఇసుకలో కూర్చున్నారు. నాన్నే అడిగాడు: "ఆడపిల్ల ఇంటర్ చదివి ఏం జేస్తాది మేడం? వల కడతాదా?"

"వల నువ్వు కడతా ఉండావుగా. ఇంటికి ఒకరు చాలదా?" అన్నారు.

నాన్న నవ్వాడంట. మా నాన్నను నవ్విస్తే పని అయినట్టే.

ఇంకొక సంగతి. నేను సెకండియర్‌లో ఉండగా తుఫాను వచ్చి రెండు పాళేలూ షెల్టరెక్కాయి. అప్పుడు కూడా తగువే. కిటికీ పక్క మాదంటే మాదని. బయట పైకప్పులు ఎగిరిపోతుంటే లోపల వీళ్ళు జాగా కోసం అరుచుకుంటున్నారు. మేడం సుద్దముక్క తీసుకుని నేలకు అడ్డంగా గీత గీశారు. "బైపీసీ వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఇటు, సీఈసీ వాళ్ళ ఇళ్ళవాళ్ళు అటు" అన్నారు. పాళేలు కలిసిపోయాయి. మా నాన్నకూ, జన్మలో మాట్లాడని ఉత్తరపాళెం కాపుకూ ఒకే చాప వచ్చింది. వాళ్ళమ్మాయిదీ బైపీసీయే. తెల్లారేసరికి ఇద్దరూ ఒకే బీడీ కట్టలోంచి కాల్చుకుంటున్నారు.

అలాంటి మనిషి, రిటైరయ్యాక కూడా నెల్లూరు పోకుండా బడి పక్కనే గది తీసుకుని ఉన్న మనిషి, ఈ దురాయి ముందు ఓడిపోయారు. బడి తెరిచినాక ఆమె మా పెద్దకాపు దగ్గరికి ఎన్నిసార్లు వచ్చారో. ఆమె ఏ పాళెం మనిషీ కాదు కాబట్టి దురాయి ఆమెకు తగలదు. గుండెజబ్బు, కాళ్ళకు నీరు. గొడుగును కర్రలా ఊనుకుంటా చప్టా దాటి వచ్చేవారు. పెద్దకాపు నాకు వరసకు మామ. ఆయన అరుగు మీద మంచినీళ్ళు ఇచ్చేది నేనే, అందుకని ఆ మాటలన్నీ విన్నాను.

"పిల్లలు ఏం జేసినారు పెద్దాయనా?"

"ఏం జెయ్యలేదు మేడం. పిల్లలవీ కాళ్ళే గదా మరి. దురాయిలో కాలు అన్నాం."

"పోనీ బడి మట్టుకు మినహాయించండి."

"ఒక సందు ఇస్తే నూరు సందులడగతారు. రేపు ఉత్తరపాళెం పిల్లను చేసుకున్నోడొచ్చి అత్తారిల్లు మినహాయించమంటాడు. దురాయి వేసినాక దేనికీ మినహాయింపు లేదు. చావుకు తప్ప."

"చావుకు ఉందా?"

"చావుకు దురాయి లేదు మేడం. ఎంత పగోడైనా చస్తే పోవాల, మొయ్యాల. పెద్దకర్మ దినం అయ్యేదాకా పోవచ్చు, రావచ్చు. దినం అయిన మర్నాటి నించి మళ్ళా మామూలే."

మేడం నీళ్ళ గ్లాసు కింద పెట్టి నవ్వారు. "అయితే పిల్లలు బడికి పోవాలంటే ఎవరో ఒకరు చావాలన్నమాట." మామకు ఆ మాట గుచ్చుకుంది. లేచి లోపలికి పోయాడు.

ఆ తర్వాత ఆమె మంచం పట్టారు. నాకు చదువు పెట్టిన మనిషి కాలవకు అవతల ఊపిరాడక పడుంటే ఇవతల నిలబడి ఫోన్లో మాట్లాడాను. చారు కాచి చప్టా మధ్యలో పెట్టి వెనక్కి వస్తే ఇంటామె వచ్చి తీసుకుపోయేది. పోదామని రెండుసార్లు చెప్పులేసుకున్నాను. తప్పు వేస్తే నా ఒక్కదానికి కాదు, మా ఆయన పడవెక్కే మిగతావాళ్ళందరి నోటికాడ కూడు పోతుంది. చెప్పులు విడిచి గుమ్మంలో కూర్చున్నాను. అనూష నా వంక చూసేది, ఏమీ అడిగేది కాదు. అడిగితే బాగుండేది.

చివరిసారి మాట్లాడినప్పుడు ఆమె గొంతు పీలగా ఉంది. "మా తమ్ముడొచ్చినాడు. ఏదన్నా అయితే నెల్లూరు తీసకపోతానంటా ఉండాడు. తీసకపోనీబాక. బడి దారిలో సరుగుళ్ళ పక్కన మావోళ్ళ సమాధులుండాయి గదా, ఆడ పెట్టమను."

"అట్టా మాట్లాడబాకండి మేడం" అన్నాను.

"గట్టిగా చెప్పు, వినపడలా" అన్నారు. గాలి ఎక్కువగా ఉంది ఆ రోజు.

పోయిన పొద్దున నేను ఎవరినీ అడగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా చప్టా దాటాను. చావుకు దురాయి లేదు. నా వెనక అనూష, దాని వెనక వీధి వీధంతా. వేటకు పోయే పడవలు ఆపేశారు. మా పెద్దకాపు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు. ఉత్తరపాళెం కాపు ఎదురొచ్చాడు, షెల్టర్లో మా నాన్నతో చాప పంచుకున్నాయనే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గానీ పెట్టె మొయ్యడానికి చెరొక పక్కా భుజం పెట్టారు. ఎత్తుల్లో తేడా ఉంది. పెట్టె ఒరిగితే మామ మడమలెత్తి నడిచాడు. బడి ముందు కాసేపు దించారు. మేడ మీది గది కిటికీ రెక్క ఒకటి గాలికి కొట్టుకుంటోంది, లోపల ఎవరూ లేరు. నేను అక్కడ ఏడ్చినట్టు మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

పాస్టరు గారు ప్రార్థన చేశారు. తలా పిడికెడు మట్టి వేశాం. అంతా అయ్యాక మామ, మేడం తమ్ముడి దగ్గరికి పోయి మర్యాదగా అడిగాడు: "అయ్యా, దినం ఎప్పుడు పెట్టుకున్నారు? మావోళ్ళు కూడా రావాలిగా."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటా చెప్పాడు: "మాకు దినాలు ఉండవు పెద్దాయనా. సమాధి చేస్తే అంతే. దినం చెయ్యొద్దని అక్క కూడా మరీ మరీ చెప్పింది."

మామ అక్కడే నిలబడిపోయాడు. ఆయన చేతికి తడి ఇసుక అంటుకుని ఉంది, దులుపుకోలేదు. మేడం తెలిసే చెప్పారో, వాళ్ళ పద్ధతి కాబట్టి ఊరికే చెప్పారో నాకు తెలియదు. తెలిసే చెప్పారని నమ్మాలని ఉంది. నేను పక్కకు పోయి మెల్లగా, "మామా, దినం లేని చావుకు మళ్ళా దురాయి ఎప్పటి నించి?" అన్నాను.

ఆయన నా వంక చూడలేదు. సమాధి అవతల కనపడే బడి మేడ వంక చూశాడు.

"అడగబాక పాపా. అడిగితే చెప్పాల్సొస్తాది" అన్నాడు.

నేను అడగలేదు. మర్నాడు పొద్దున షెడ్డు వ్యాను హారన్ కొట్టినప్పుడు అనూషకు జడేసి సంచి తగిలించి, ఒడ్డున ఊదా పువ్వొకటి తెంపి చేతిలో పెట్టాను. ఎవరన్నా ఆపితే మేడం సమాధికి పోతున్నానని చెప్పమన్నాను. పక్కింటామె తన కూతుర్నీ అట్నే పంపింది. ఆ పక్కామె కూడా. పిల్లలు చప్టా దాటి, సరుగుళ్ళ పక్కన ఆగి, పూలు పెట్టి, అట్నుంచి అటే బడికి పోయారు. హాజరు కేకలు ఈ గట్టుకు వినపడ్డాయి, గాలికి ఎదురుగా.

ఇది ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు. అడ్మిషన్లు ముగిసేలోపు క్లాసు నిండుతుందో, అప్పటికే పైనుంచి ఉత్తర్వు వస్తుందో తెలియదు. కాపుల్లో ఒకాయన అప్పుడే గొణుగుతున్నాడు, "ఇంకా ఎన్నాళ్ళు చచ్చిపోతానే ఉంటాదంట ఆ మేడం" అని. మామ విననట్టు వల సర్దుకుంటున్నాడు. రాత్రి పడుకుంటే నాకు నిద్ర పట్టదు. ఎవరో ఒకరు నోరు తెరిచి అడిగేస్తారేమోనని భయం.

పొద్దెక్కాక పనికి పోతా చప్టా దగ్గర ఆగి అటు చూస్తాను. ఇసుక దిబ్బ మీద కుప్పగా పూలు కనపడతాయి. ఆ పువ్వు సంగతి మేడం చెప్పారుగా, మధ్యాహ్నానికి వాడిపోతుంది. అందుకని పిల్లలు రేపు పొద్దున్నే మళ్ళీ కొత్తవి తీసుకుపోవాలి.